చౌకబియ్యము – తెలుగువారి కంచము: ఆహారవిధాన ఫలితమును కొలుచు తీరు

1983లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము పేదకుటుంబములకు కిలో 2 రూపాయల వంతున బియ్యము నిచ్చు పథకమును ప్రారంభించినది. మనిషికి నెలకు 5 కిలోలు. ఇంటిలో ఎందరున్నను 25 కిలోలకు మించరాదని నియమము. తరువాతి దశాబ్దమున ధర పెరిగినది, తగ్గినది, మరల పెరిగినది. 2008లో తిరిగి 2 రూపాయలైనది, 2011లో ఒక్క రూపాయికి దిగినది. 2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టము అర్హత గల కుటుంబములలో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యమును దేశమంతటను హక్కుగా చేసినది. 2023 జనవరి నుండి ఆ ధాన్యమునకు వెలయే లేకుండ పోయినది. ఈ నలువది యేండ్లకు పైబడిన కాలములో ఎన్ని టన్నులు గోదాముల నుండి వెడలినవో, ఎన్ని కార్డులు చెల్లినవో, ఖజానాపై ఎంత భారము పడినదో లెక్క గలదు. ఆ బియ్యము చేరిన యిండ్లలో కంచము ఎట్లు మారినది, ఆ కంచములో తిన్నవారి దేహము ఎట్లు మారినది అను ప్రశ్నలకు మాత్రము ఆ లెక్కలలో సమాధానము దొరకదు.

గోదాము నుండి దుకాణమునకు, దుకాణము నుండి ఇంటికి, ఇంటినుండి పొయ్యిమీదికి, పొయ్యినుండి కంచములోనికి, కంచమునుండి రక్తములోనికి – ఇన్ని మజిలీలు దాటినగాని ఆహారవిధానము ఆరోగ్యముగా పరిణమింపదు. ప్రతి మజిలీలోను ఏదో యొకటి జారిపోవుటయో, వేరొకటి వచ్చి చేరుటయో జరుగుచుండును. ప్రభుత్వ నివేదికలు సాధారణముగ రెండవ మజిలీకడ ఆగును. వైద్యుల సర్వేలు కడపటి మజిలీ యొద్ద మొదలగును. నడుమనున్న పొయ్యియు కంచమును ఎవరికిని పట్టని స్థలములు. తెలుగుదేశమున చౌకబియ్యపు చరిత్రను పరిశీలించినచో ఈ నడిమి స్థలముల ప్రాముఖ్యము తేటపడును.

మొదట మాటతో ఆరంభింపవచ్చును. నేడు 'అన్నము' అనగా వరియన్నమే. ఒకప్పుడట్లు కాదు. జొన్నన్నము, కొఱ్ఱన్నము, సామన్నము, ఆరికన్నము – ఇవన్నియు అన్నములే; ఏ గింజదో చెప్పిననే గాని అర్థము పూర్తి కాకుండెను. రాయలసీమలో వరికూడు పండుగనాటి భోజనము, తక్కిన దినములు సంకటివి. తెలంగాణమున జొన్నగటక, మక్కగటక. ఎండకాలపు ప్రొద్దున అంబలి అన్నిచోట్ల గలదు. శ్రీనాథుని పేర చెల్లు చాటువులలో పలనాటి జొన్నకూటిపై చూపిన విసుగు పండితపామరులకు తెలిసినదే. కృష్ణాతీరపు సన్నబియ్యమునకు అలవాటుపడిన నోటికి పలనాటి తిండి తిండిగానే తోపలేదు. గింజను బట్టి సీమను, సీమను బట్టి మనిషి గౌరవమును తూచు బుద్ధి ఆనాటికే పాతుకొని యున్నదని దీని వలన ఊహింపవచ్చును. ఆ పలనాడే 1967 తరువాత నాగార్జునసాగరు కుడికాలువ నీటితో వరిపొలమైనది.

కనుక 1983 నాటి పథకము పేదయింటికి గింజల నొక్కటినే కాదు, గౌరవమును గూడ చేర్చినది. నిత్యము సంకటి తిను నింట దినమున కొకపూటయైన తెల్లని మెతుకు కనబడుట ఆ యింటివారి దృష్టిలో చిన్న విషయము కాదు. చిరుధాన్యములు పోయెనే యని వగచి జొన్నరొట్టె గుణగణములను వర్ణించువారిలో ననేకులు తరతరములుగ వరియన్నము తినినవారే యగుట గమనింపదగినది.

తెలుగువారి బియ్యపు భోజనమును ఆరోగ్యదృష్టితో పరీక్షించుట 1983కు చాల ముందే జరిగినది. 1918లో రాబర్టు మెక్కారిసన్ నీలగిరులయందలి కూనూరులో బెరిబెరి వ్యాధిపై ఒక చిన్న పరిశోధనశాలను నెలకొల్పెను. అదియే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు దాల్చినది. కూనూరులో మెక్కారిసన్ తరువాత డైరెక్టరైన అయిక్రాయిడ్, ఆయన సహచరులు 1940లో భారతదేశపు బియ్యపు సమస్యపై ఒక విపులగ్రంథమును ప్రకటించిరి. ఉత్తరసర్కారు జిల్లాలలో బెరిబెరి పాతుకొని యుండగా, పొరుగున నున్న తమిళజిల్లాలలో, అచ్చటివారును బియ్యమే తినుచుండినను, ఆ వ్యాధి అంతగా కనబడకుండుట వారిని ఆకర్షించినది. భేదము గింజలో లేదు, గింజను సిద్ధపరచు తీరులో నున్నది. తమిళులు వడ్లను నానబెట్టి ఉడికించి ఎండబెట్టి దంచిన ఉప్పుడుబియ్యమును తినుచుండిరి. ఉడికించునపుడు తవుడులోని థయామిన్ అను విటమిను గింజలోనికి దిగి, మరపట్టినను కొంత నిలిచియుండును. సర్కారులవారు పచ్చిబియ్యమును మరలో తెల్లగా పట్టించి, పలుమార్లు కడిగి, గంజి వార్చి తినుచుండిరి. మరలో కొంత, కడుగునీటిలో కొంత, గంజిలో కొంత – ఉన్నదంతయు పోవుచుండెను.

ఈ వృత్తాంతమున ఒక పాఠము గలదు. కార్డుపై 'బియ్యము' అని వ్రాసినంత మాత్రమున ఇచ్చినదేమో తెలియదు. ఆ బియ్యము ఎంత తెల్లగా పట్టినది, దానిని వండు ఇల్లాలు గంజి వార్చునా, ఇగుర్చునా అనునది తెలిసినగాని పోషణలెక్క మొదలుకాదు. సర్కారువారికి ఉప్పుడుబియ్యము నేటికిని రుచింపదు. గోదావరిజిల్లాల మరలలో తయారగు ఉప్పుడుబియ్యములో ఎక్కువ భాగము కేరళమునకే పోవుచున్నది. 2021-22లో ఉప్పుడుబియ్యపు కొనుగోలు విషయమై తెలంగాణ ప్రభుత్వమునకును కేంద్రమునకును వివాదము చెలరేగినప్పుడు పంట, ధర, నిలువల మాటలే వినబడినవి. ఆరోగ్యదృష్టితో ఏ బియ్యము మేలనెడు ప్రశ్న తలయెత్తనే లేదు.

ఇక 25 కిలోల లెక్క. కాయకష్టము చేయు అయిదుగురు గల కుటుంబము మనిషికి దినమునకు 400 గ్రాముల గింజ తినునని అనుకొన్నచో నెలకు 60 కిలోలు కావలెను. 25 కిలోలు పండ్రెండు పదుమూడు దినములకు మించి రావు. తక్కినదానిని సంతలో కొనవలసినదే, లేదా కూలిగింజలతో గడుపుకొనవలసినదే. అనగా చౌకబియ్యము రాకున్నను ఆ కుటుంబము ఎట్లో కొని తినియుండెడి గింజలలో ఒక భాగమునే చౌకబియ్యము భర్తీచేసినది. ఆ మేరకు మిగిలిన రూకలు ఏమైనవి? పప్పు కొనిరా, పాలు కొనిరా, అప్పు తీర్చిరా, బడిఫీజు కట్టిరా, సారాదుకాణమునకు పోసిరా? ఇందులో ఏది జరిగినను దుకాణపు రిజిస్టరులో 25 కిలోలనియే యుండును.

ఈ ప్రశ్నను సంఖ్యలతో ఎదుర్కొన్న పరిశోధన లేకపోలేదు. 1992లో ఆంధ్రప్రదేశమున చౌకబియ్యపు ధర పెంచబడినది. అదే యేడు జాతీయ కుటుంబారోగ్య సర్వేవారు ఈ రాష్ట్రమున శిశువులను తూచిరి. తూనిక ఒక్క దినమున ముగియక కొన్ని నెలలు సాగుటచే, కొందరు శిశువులు పెరిగిన ధర క్రింద కొద్దికాలమును, మరికొందరు ఎక్కువకాలమును గడపినవారైరి. అలెస్సాండ్రో తారోజ్జి అను ఆర్థికశాస్త్రజ్ఞుడు ఈ భేదమును ఆధారముగ గొని, ధర పెరిగినందువలన శిశువుల బరువు గణనీయముగ తగ్గిన జాడలేదని 2005లో ప్రకటించెను. తొందరపడి దీనికి 'చౌకబియ్యము వ్యర్థము' అని అర్థము చెప్పువారు గలరు. అది సరి కాదు. పరిశోధన పరీక్షించినది కొద్దినెలల మార్పును. ధర పెరిగిన తరువాతను బియ్యము సంతధర కంటె చౌకగనే యుండెను. ఆ సహాయము కుటుంబపు మొత్తపు రాబడిలో కొద్దిపాటిదగుటచే దానిలోని హెచ్చుతగ్గులు శిశువు బరువువరకు చేరలేదనుట యుక్తము.

చైనాలో హూనాన్, గాన్సు రాష్ట్రములయందు జెన్సెన్, మిల్లర్ అను నిరువురు చేసి 2011లో ప్రకటించిన ప్రయోగము మరింత ఆశ్చర్యకరము. పేదకుటుంబములలో కొన్నిటికి చీటీలువేసి ప్రధానధాన్యమును చౌకగ నిచ్చి చూచిరి. పోషణ మెరుగుపడిన నిదర్శనము దొరకలేదు. మిగిలిన సొమ్ముతో జనులు ఎక్కువ పోషణమునకు గాక ఎక్కువ రుచికి మొగ్గినట్లు కనబడినది. పేదవాడు కేలరీలను కొనడు, తిండిని కొనును.

ఇంతకును తెలుగు కంచములోనుండి తొలగినదేమి? జొన్న, సజ్జ, రాగి, కొఱ్ఱ, సామ, ఆరిక. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారము మరపట్టిన 100 గ్రాముల బియ్యములో ఇనుము ఒక మిల్లీగ్రామైనను లేదు. జొన్నలో సుమారు 4, సజ్జలో 6కు పైగా గలదు. కాల్షియము బియ్యములో 10 మిల్లీగ్రాములకు లోపు, రాగులలో 360కి పైగా. నష్టము స్పష్టమే. అయితే ఈ నష్టమును పూర్తిగ చౌకబియ్యపు పద్దున వ్రాయుట న్యాయము కాదు. కాలువలు వచ్చినవి, తరువాత బోరుబావులు వచ్చినవి. పొట్టి వరివంగడములు దిగుబడిని పెంచినవి. ప్రభుత్వము మద్దతుధరకు వడ్లను కొనినట్లు జొన్నలను కొనలేదు. మెట్టచేలలో ప్రత్తియు మొక్కజొన్నయు ప్రవేశించినవి. అన్నిటికంటె ముఖ్యముగ, జొన్నలను దంచి, చెరిగి, విసరి రొట్టె చేయు పని ఆడువారిది. సజ్జపిండి పట్టించిన కొద్దిదినములకే చేదెక్కును. బియ్యమైనచో కడిగి పొయ్యిమీద వేసినంతనే పని ముగియును. తెల్లవారకముందే లేచి తిరుగలి ముందు కూర్చుండుట తప్పిన స్త్రీ ఆ పథకమును ఎట్లు తలచియుండునో పోషణపట్టికలలో కానరాదు.

మరియొక విషయము చిరుధాన్యములను స్తుతించునప్పుడు సాధారణముగ మరుగున పడుచున్నది. జొన్నయే ముఖ్యాహారముగ గల దక్కను పేదలలో పెలాగ్రా యను వ్యాధి ఉండెడిది. ఎండతగులు చోట చర్మము మొద్దుబారి నల్లబడుట, విరేచనములు, మతిచాంచల్యము దాని లక్షణములు. హైదరాబాదులో గోపాలన్, శ్రీకాంతయ్య అను శాస్త్రజ్ఞులు 1960లో, జొన్నలో అధికముగ నున్న లూసిన్ అను పదార్థము ఈ వ్యాధికి హేతువు కావచ్చునని ప్రతిపాదించిరి. ఆ సిద్ధాంతమును అందరు అంగీకరింపలేదు. కాని జొన్ననే నమ్ముకొన్న పేదవారిలో ఈ వ్యాధి యుండుటయు, తరువాతి దశాబ్దములలో జొన్న తగ్గి భోజనము మారుకొలది అది అరుదగుటయు వాస్తవములు. చౌకబియ్యము ఒకచేత ఇనుమును తగ్గించి వేరొకచేత ఒక వ్యాధిని తొలగించుటకు తోడ్పడినదన్నచో, రెండును పద్దులో వ్రాయవలసినవే. జొన్న చెడ్డది కాదు. జొన్న తప్ప వేరొకటి లేకుండుట చెడ్డది. అట్లే బియ్యమును.

ఇట్టి చిక్కులను విప్పుటకు కంచమును నేరుగ చూడవలెను. 1972లో హైదరాబాదు కేంద్రముగ ఏర్పడిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగమువారు ఆ పని చేసిరి. పరిశోధకులు గ్రామమునకు పోయి, వంటకు తీసిన పచ్చిసరకులను తూచియు, గడచిన 24 గంటలలో ఎవరెవరు ఏమేమి తినిరో గిన్నెల కొలతతో అడిగియు వ్రాసికొనిరి. 1983కు ముందరి తెలుగు పల్లెభోజనమును గూర్చి నేడు కొంతయైన తెలియుటకు వీరి పూనిక ముఖ్యకారణము. 2015లో ఈ విభాగము మూతపడినది. నమూనా సర్వే సంస్థవారి వినియోగవ్యయపు సర్వేలు 2022-23లోను 2023-24లోను మరల జరిగి, ఉచితముగ వచ్చిన ధాన్యమును గూడ లెక్కించినవి. అవి విలువైనవే. అయినను అవి ఇంటికి వచ్చినదానిని చెప్పును. ఇంటిలో ఎవరు తినిరో చెప్పవు. అందరికిని వడ్డించి కడపట అడుగంటిన గిన్నె ముందు కూర్చుండు కోడలి కంచము ఆ లెక్కలో లేదు.

'నిన్న ఏమి తింటివి?' అని అడుగుటలోనే ఒక భాషాసమస్య యున్నది. తెలుగున అంబలి త్రాగుదురే గాని తినరు. జావయు అంతే. 'ప్రొద్దున ఏమియు తినలేదు' అని చెప్పిన స్త్రీ రెండు చెంబుల రాగియంబలి త్రాగియుండవచ్చును. ఆమె అబద్ధమాడలేదు, ప్రశ్నయే తప్పినది. అట్లే 'అన్నము తింటివా?' అనునది ప్రశ్న కాదు, కుశలము. 'తింటిని' అను జవాబులో గింజ పేరుండదు. చేలగట్లపై ఏరుకొన్న గునుగు, పొన్నగంటి, దొగ్గలి వంటి ఆకులను 'కూర' అను ఒక్కమాటలో ముగింతురు. వెలపెట్టి కొనలేదు గనుక అవి లెక్కకు తగినవని చెప్పువారికే తోపదు. ఒక సీమలో కలి యన్నది వేరొక సీమలో సంకటి. ఆంగ్లమున కూర్చి తెలుగునకు మార్చిన ప్రశ్నావళులలో ఇట్టివి జారిపోవుట సులభము.

అడుగుట సక్రమమైనచో ఎట్టి ఫలితము వచ్చునో మధ్యాహ్నభోజనమును గూర్చిన ఒక పరిశోధన చూపుచున్నది. 2001లో సుప్రీంకోర్టు బడులలో వండిన భోజనము పెట్టవలెనని ఆదేశించెను. బడిలో పెట్టినచో ఇంటిలో తగ్గింతురు, కనుక ప్రయోజనము లేదని కొందరు వాదించిరి. ఫర్జానా అఫ్రీది మధ్యప్రదేశమున పిల్లల 24 గంటల తిండిని బడియున్న దినమునను సెలవుదినమునను విడివిడిగ వ్రాయించి, బడిలో పెట్టిన పోషకములలో సగము మొదలు పూర్తి భాగమువరకు పిల్లవాని దినభోజనమునకు అదనముగ చేరుచున్నవని 2010లో నిరూపించెను. పిల్లవానికి పిల్లవాడే పోలికగుటచే తలిదండ్రుల కలిమిలేముల భేదము ఈ లెక్కను చెరుపలేదు.

చౌకబియ్యమునకు అట్టి పోలిక దొరకుట కష్టము. 1983లో పథకము రాష్ట్రమంతటికి ఒకేమారు వచ్చినది. రాని గ్రామము లేదు. 1990ల దశకమున మెదక్ జిల్లా జహీరాబాదు ప్రాంతమున దక్కను డెవలప్‌మెంటు సొసైటీకి చెందిన స్త్రీసంఘములు బీడుభూములను సాగుచేయించి, అప్పును గింజల రూపమున రాబట్టి, ఊరి జొన్నలనే ఊరి పేదలకు చౌకగ నిచ్చు వేరొక పంపిణీని నడపినవి. పోలికకు అది మంచి తావు. కాని అచ్చటి స్త్రీలు తామై ముందుకు వచ్చి చేరినవారు; వారి ఆరోగ్యమున మేలు కనబడినచో అది జొన్న వలననో, సంఘబలము వలననో విడదీయుట అంత సులభము కాదు.

2019-21 కుటుంబారోగ్య సర్వేలో 15-49 ఏండ్ల స్త్రీలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశమున నూటికి 58.8, తెలంగాణమున 57.6, దేశమంతటికి 57.0. అదే సర్వేలో అధికబరువు గల స్త్రీలు ఆంధ్రప్రదేశమున 36.3, తెలంగాణమున 30.1, దేశమంతటికి 24.0. కడుపు నిండుట వేరు, రక్తము నిండుట వేరు అని ఈ జంటసంఖ్యలు తెలుపుచున్నవి. ఆకలి తగ్గినది; దానిలో చౌకబియ్యమునకు వాటా గలదనుట సాహసము కాదు. రక్తహీనతకు మాత్రము బియ్యమొకటే కారణమనుట సాహసము. మాంసము, పప్పు, పండ్లు చాలకుండుట, కడుపులోని పురుగులు, కాన్పుల నడుమ ఎడము లేకుండుట – ఇవన్నియు అందు గలవు. జొన్నలోని ఇనుము పట్టికలో ఎంత యున్నను, దానిలోని ఫైటేటుల వలన దేహము గ్రహించునది అందులో కొంతయే. 2021లో ప్రకటించి 2024 మార్చినాటికి చౌకదుకాణములన్నిటికిని విస్తరించిన ఇనుము కలిపిన బియ్యము ఈ చిక్కునకు ప్రభుత్వము చెప్పిన మందు. పోయినదానిని గింజలో తిరిగి కూర్చుట యను ఆ మార్గమున వంటతీరు మరల ముందుకు వచ్చుచున్నది. కలిపిన గింజ కొంత వేరుగ కనబడుటచే ఇల్లాండ్రు దానిని ప్లాస్టిక్ బియ్యమని శంకించి ఏరి పారవేసిన వార్తలు వచ్చినవి.

2025 ఉగాదినాడు తెలంగాణ ప్రభుత్వము దొడ్డుబియ్యమునకు మారుగ మనిషికి 6 కిలోల సన్నబియ్యమును ఉచితముగ నిచ్చుటకు ఆరంభించినది. దొడ్డుబియ్యమును జనులు తినక తిరిగి అమ్ముకొనుచున్నారనునది ప్రభుత్వమే చెప్పిన హేతువు. పూర్వము దుకాణము నుండి వెడలిన బియ్యములో ఎంత పొయ్యిమీదికి చేరలేదో దీనివలన కొంత ఊహింపవచ్చును. సన్నబియ్యము తినబడును; పలనాట శ్రీనాథుడు కోరినది ఇన్నాళ్లకు పేదవాని కార్డుపై వచ్చినది. దానితో కంచములో పప్పు పెరుగునా, లేక రుచిగల మెతుకే మరింత పెరుగునా అనునది తెలియవలెనన్నచో, 1983లో పోగొట్టుకొన్న అవకాశమును మరల పోగొట్టుకొనరాదు. కొన్ని గ్రామములలోనైన యింటింట మనిషిమనిషికి తిండిని తూచి, ఋతువున కొకమారు, ఎండకాలమున తప్పక, వ్రాసిపెట్టవలెను. ఆ పత్రములో 'ఏమి తింటివి' అను గడి ప్రక్క 'ఏమి త్రాగితివి' అను గడియు, ఆ వెనుక 'ఎవరి తరువాత తింటివి' అను గడియు ఉండవలెను.